తాళం వేశారు సరే, చెవి ఎవరి చేతిలో ఉంది?

(కోస్తా ఊళ్ళ కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇవ్వాళ మాట్లాడమన్న విషయం అమెరికాలో లూసియానా అనే రాష్ట్రంలో జరిగిన ఒక ఓటు గురించి. మన ఊరి తగాదాలే మనకు తెగట్లేదు, అమెరికా ఓట్లు మనకెందుకు అని మీలో కొందరికి అనిపించొచ్చు. న్యాయమే. కానీ ఓటు దేని మీద జరిగిందో వింటే మనకెందుకో మీకే తెలుస్తుంది. సముద్రంలో గాలిమరలు పెట్టి కరెంటు తీస్తే దాని మీద ప్రభుత్వానికి డబ్బొస్తది. ఆ డబ్బు ఎటు పోవాలి? అన్ని పద్దుల్లో కలిసిపోయే ఖజానాకా, లేక సముద్రం కోసుకుపోతున్న తీరాన్ని కాపాడే పనికా? ఈ ప్రశ్నను శాసనసభ తనంతట తాను తేల్చకుండా జనం ముందు పెట్టింది. జనం తేల్చారు. తీరానికే పోవాలన్నారు. డబ్బుపెట్టెకి తాళం వేశారు.

తాళం వెయ్యడం మంచిపనే. వాళ్ళని చూసి మనం నేర్చుకోవాల్సిన పని. కానీ తాళం వేసినంత మాత్రాన పెట్టెలో డబ్బు పేదోడి గట్టుకి చేరదు. ఆ సంగతి కూడా లూసియానానే మనకు నేర్పుతుంది. ఈ రెండూ కలిపి చెప్పడానికే నేను ఇక్కడ నిలబడ్డాను.

ముందు ఆ నేల సంగతి తెలుసుకోవాలి. మన గోదావరి, కృష్ణమ్మ ఒండ్రు తెచ్చి కోనసీమను, దివిసీమను కట్టినట్టే మిసిసిపీ అనే మహానది లూసియానా తీరాన్ని కట్టింది. వేల ఏళ్ళు వరద వచ్చినప్పుడల్లా ఒండ్రు పరిచింది. 1927లో ఆ నదికి ఘోరమైన వరద వచ్చింది. దాని తర్వాత ప్రభుత్వం నది పొడుగునా పెద్ద పెద్ద కరకట్టలు కట్టింది. వరద ఆగింది, దాంతోపాటు ఒండ్రు కూడా ఆగింది. నేలను పెంచాల్సిన మట్టి తిన్నగా పోయి లోతు సముద్రంలో పడుతోంది. ఒండ్రు అందని డెల్టా కుంగిపోతుంది. ఇదొక దెబ్బ.

రెండో దెబ్బ చమురు కంపెనీలది. బావుల దగ్గరికి పడవలు పోవడానికి, గొట్టాలు వెయ్యడానికి చిత్తడి నేలల్లో వేల మైళ్ళ కాలవలు తవ్వారు. తవ్వినోళ్ళు పూడ్చలేదు. ఆ కాలవల్లోంచి ఉప్పునీళ్ళు లోపలికొచ్చి గడ్డి చచ్చింది. గడ్డి వేళ్ళు పట్టుకున్న మట్టి వదిలేసింది. పైనుంచి సముద్ర మట్టం పెరగడం మూడో దెబ్బ. అన్నీ కలిసి 1932 నుంచి 2016 దాకా 4,800 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల నీళ్ళయిపోయింది. మన అంబేడ్కర్ కోనసీమ జిల్లా అంతవి రెండు జిల్లాలు మునిగిపోయాయనుకోండి, అంత.

అడ్డంగా నిలబడే నేల పోతే తుఫాను కెరటం ఊళ్ళోకి తిన్నగా వస్తుంది. దివిసీమ ఉప్పెన 1977లో చూసిన పెద్దలకి నేను చెప్పాల్సిన పనిలేదు. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్ నగరంలో నూటికి 80 పాళ్ళు నీళ్ళల్లో ఉంది. గోడలు తెగి, నల్లజాతి జనం ఎక్కువగా ఉండే లోయర్ నైన్త్ వార్డు అనే పేట కొట్టుకుపోయింది. ఆ ఏడాదే లూసియానా ప్రభుత్వం తీర రక్షణకని ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది. సంస్థ వచ్చింది. మరి డబ్బు?

ఇప్పుడు డబ్బు సంగతి. అమెరికాలో తీరం దగ్గరి కొద్ది మైళ్ళ నీళ్ళు రాష్ట్రానివి. అవి దాటితే సముద్రం ఢిల్లీ లాంటి కేంద్రానిది. వాళ్ళ ఢిల్లీ పేరు వాషింగ్టన్. నేల మీద కేంద్రం భూముల్లో చమురు, బొగ్గు తవ్వితే ఆ ఆదాయంలో సగం దాకా ఆ రాష్ట్రానికి ఇస్తారు. సముద్రంలో తవ్వినదాంట్లో మాత్రం లూసియానాకి దక్కింది చాలా ఏళ్ళు నామమాత్రమే. గొట్టాలు మా నేలలో, కాలవలు మా నేలలో, మునిగేది మేము, సొమ్ము మీకా అని ఆ రాష్ట్రం ఎప్పట్నుంచో అడుగుతోంది.

కత్రినా తర్వాత ఆ మాట గట్టిగా అడిగారు. ఎట్లా అడిగారో కార్యకర్తలు గమనించండి. కేంద్రం ఇంకా ఒప్పుకోకముందే, 2006 సెప్టెంబర్ 30న లూసియానా జనం ఓటేసి తమ రాష్ట్ర రాజ్యాంగంలో ఒక మాట రాసుకున్నారు. సముద్రపు చమురు మీద కేంద్రం నుంచి వాటా వస్తే అది తీర రక్షణ నిధికే పోవాలి, ఇంకెటూ పోకూడదు అని. పెట్టె ఖాళీగా ఉండగానే తాళం వేశారు. ఆ డిసెంబర్లో కేంద్రం చట్టం చేసింది. మెక్సికో సింధుశాఖలో కొన్ని చమురు లీజుల ఆదాయంలో నూటికి 37.5 పాళ్ళు నాలుగు తీర రాష్ట్రాలకి ఇవ్వాలని ఒప్పుకుంది. మొదట్లో చిల్లర వచ్చింది. ఈమధ్య ఏళ్ళలో లూసియానాకి ఏటా 10 కోట్ల డాలర్లకు పైగా వస్తోంది. డాలరంటే మన 80 రూపాయల పైమాటే, లెక్కేసుకోండి.

ఇక 2024 ఓటు. చమురు ఎల్లకాలం ఉండదు. 2010లో బీపీ కంపెనీ బావి సముద్రంలో పేలింది. 11 మంది కార్మికులు చచ్చిపోయారు. నెలల తరబడి చమురు కారి తీరమంతా పాడయింది. దానికి కంపెనీ కడుతున్న పరిహారంతోనే లూసియానా తీరం పనులు చాలావరకు నడుస్తున్నాయి. ఆ సొమ్ము 2030ల మొదట్లో అయిపోతుంది. తర్వాత ఏంటి? గాలిమరలు రావచ్చు, అలల మీద కరెంటు రావచ్చు. 2006 నాటి మాటలో చమురు, గ్యాసు ఉన్నాయిగానీ గాలి, ఎండ, అల లేవు. మాటలో లేని డబ్బు ఖజానాలో కలుస్తది. కలిసినాక అది ఎవరి రోడ్డుకి పోయిందో ఎవడికి తెలుసు? అందుకని శాసనసభ రెండు సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒక సవరణ చేసి జనం ముందు పెట్టాయి. కేంద్రం సముద్రంలో గాలి, ఎండ, అలల లాంటి తరగని వనరుల మీద వచ్చే ఆదాయంలో రాష్ట్రానికి ఏ వాటా వచ్చినా అదీ తీర రక్షణ నిధిలోనే పడాలని. 2024 నవంబర్ 5న, అధ్యక్షుడి ఎన్నిక రోజే, ఆ ప్రశ్న కూడా ఓటు చీటీ మీద ఉంది. ఓటేసిన నలుగురిలో దాదాపు ముగ్గురు సరే అన్నారు.

అదే రోజు ఆ రాష్ట్రం ట్రంపుకి పెద్ద మెజారిటీ ఇచ్చింది. గాలిమరలంటే గిట్టని మనిషాయన. ఆయనకి ఓటేసిన చేత్తోనే గాలి డబ్బు తీరానికి పోవాలని కూడా ఓటేశారు చాలామంది. మునిగే నేల మీద ఉన్నోడికి పార్టీ కంటే గట్టు ముఖ్యం.

మరి పెట్టెలో ఎంత పడింది? నిజం చెప్పుకోవాలి. గాలి పద్దులో పడ్డది శూన్యం. 2023 ఆగస్టు 29న ఆ సింధుశాఖలో మొదటిసారి గాలిమరల కోసం సముద్రాన్ని వేలం వేశారు. లూసియానా వైపు ఒక ముక్క, లక్షా 2 వేల ఎకరాల పైచిలుకు, ఆర్‌డబ్ల్యూఈ అనే జర్మనీ కంపెనీ 56 లక్షల డాలర్లకు పాడుకుంది. టెక్సాస్ వైపు రెండు ముక్కలకి పాడేవాడే రాలేదు. ఆ 56 లక్షలు కూడా కేంద్రం ఖజానాకే పోయాయి. ఎందుకంటే గాలి ఆదాయంలో అంత దూరపు సముద్రం మీద రాష్ట్రాలకి వాటా ఇచ్చే చట్టం లేదు. అలాంటి చట్టం కావాలని బిల్లు పెట్టారుగానీ ఓటు నాటికి అది పాస్ కాలేదు. 2024లో వెయ్యాల్సిన రెండో వేలం పాడేవాళ్ళు లేక రద్దయింది. 2025 జనవరి 20న ట్రంపు గద్దెనెక్కిన రోజే సముద్రంలో గాలికి కొత్త లీజులు ఆపమని ఉత్తర్వు ఇచ్చాడు.

అయితే ఓటు దండగేనా? దండగ కాదు. 2006లోనూ ముందు తాళమే వేశారు, డబ్బు తర్వాత వచ్చింది. డబ్బు వచ్చాక తాళం వెయ్యాలంటే అప్పటికే ఆ డబ్బు తినడం మరిగినోళ్ళు వెయ్యనివ్వరు. నోట్లో పడ్డ ముద్దని ఎవడు కక్కుతాడు? రానిదాని మీద వాదన తక్కువ. అందుకే రాకముందే రాసుకోవాలి. ఇది వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

ఇప్పుడు రెండో పాఠం. ఇది కష్టమైంది, జాగ్రత్తగా వినండి.

నిధికి తాళం ఉంది. కానీ నిధిలోంచి ఏ ఊరికి గట్టు, ఏ ఊరికి లేదు అనేది ఓటు చీటీ మీద అడగలేదు. అది మాస్టర్ ప్లానులో, ఇంజనీర్ల లెక్కల్లో తేలుతుంది. 2023 మాస్టర్ ప్లాను 50 ఏళ్ళకి 5,000 కోట్ల డాలర్ల పని చూపిస్తోంది. ఏటా వచ్చే 10 కోట్లు, 15 కోట్లు ఏ మూలకి? డబ్బు తక్కువైనప్పుడు వరస కడతారు. వరసలో ముందెవరు, వెనకెవరు? ఆ వరస తేల్చే లెక్కే తాళంచెవి.

లెక్క ఎట్లా ఉంటదో ఒక ఉదాహరణ చెప్తా. కత్రినా తర్వాత కూలిన ఇళ్ళు కట్టుకోవడానికి రోడ్ హోమ్ అని ఒక పథకం పెట్టారు. తుఫానుకు ముందు ఇంటి ధర ఎంత, ఇల్లు మళ్ళీ కట్టడానికి ఖర్చెంత, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని పట్టి ఇస్తామన్నారు. చూడ్డానికి ఎంత నీతిగా ఉంది! ఎక్కడా నలుపు లేదు, తెలుపు లేదు. కానీ నల్లవాళ్ళ పేటలో ఇంటికి బజారులో ధర తక్కువ. అదే కొలతల ఇల్లు, అదే ఇటుక, అదే సిమెంటు, తెల్లవాళ్ళ పేటలో ధర ఎక్కువ. కట్టడానికి ఖర్చు ఇద్దరికీ ఒకటే. తెల్లాయనకి ఇల్లు లేచింది, నల్లామెకి గోడల్లో సగం లేచింది. వాళ్ళు ఊరుకోలేదు. 2008లో కోర్టుకెక్కారు. 2011లో ప్రభుత్వాలు రాజీకొచ్చి 6 కోట్ల 20 లక్షల డాలర్లు ఇస్తామన్నాయి. అప్పటికి తుఫాను వచ్చి ఆరేళ్ళు. మాలపల్లెలో స్థలానికి, మాదిగగూడెంలో స్థలానికి, ఊళ్ళో స్థలానికి రేటు ఒకటేనా? కాదని మీకు తెలుసు. ఆ రేటుని పట్టి నష్టం కడితే ఏమవుతుందో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

గట్టు లెక్క కూడా ఇంతే. గట్టుకి ఖర్చెంత, గట్టు లోపల కాపాడే ఆస్తి విలువెంత? విలువ ఎక్కువుంటే గట్టు లేస్తుంది. ఆ రాష్ట్రంలో ఐల్ డి జీన్ చార్లెస్ అని ఒక లంక ఉంది. అక్కడి ఆదివాసులు చోక్టా తెగ వాళ్ళు. తెల్లవాళ్ళు మంచి నేలల మీద నుంచి తరిమితే ఎవరూ కోరుకోని ఆ చిత్తడిలోకి పోయి చేపలు, రొయ్యలు పట్టుకుని బతికారు. 1955 నుంచి ఆ లంకలో నూటికి 98 పాళ్ళు నీళ్ళల్లో కలిసింది. అక్కడికి దగ్గర్లో ఒక పెద్ద కరకట్ట వేస్తూ, ఈ లంకను కలుపుకుంటే ఖర్చు గిట్టదని గీత ఇవతలే లాగారు. గీత లోపల ఉన్నోళ్ళు బతికారు. గీత బయట పడ్డోళ్ళని 2016లో మంజూరైన 4 కోట్ల 80 లక్షల డాలర్లతో 40 మైళ్ళ అవతలికి మార్చారు. 2022 ఆగస్టులో కొత్త ఇళ్ళకి పోవడం మొదలైంది. ఇళ్ళు ఇచ్చారు గదా, మంచిదేగా అంటారా? తెగ పెద్దల మాట వేరే ఉంది. అందరం కలిసి ఒకచోట తెగగా బతకాలని మేము ఏళ్ళ తరబడి తయారుచేసుకున్న పథకాన్ని రాష్ట్రం మా చేతుల్లోంచి తీసేసుకుంది అని 2023 డిసెంబర్లో వాళ్ళు కేంద్రానికి పౌరహక్కుల ఫిర్యాదు పెట్టారు.

ఇంకో ఊరు, ఐరన్‌టన్. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళు కట్టుకున్న ఊరు. చుట్టుపక్కల అన్ని ఊళ్ళకీ కుళాయిలొచ్చినా ఈ ఊరికి కుళాయి నీళ్ళు వచ్చింది 1980లో. మీరు సరిగ్గానే విన్నారు, అమెరికాలోనే, 1980లో. చెరువు దగ్గర, బావి దగ్గర మనకి జరిగింది మనకే జరిగిందనుకుంటాం. 2021 ఆగస్టు 29న ఐడా తుఫాను కెరటం వెనకవైపు కట్ట దాటి ఆ ఊరి మీద పడింది. ఇళ్ళు పునాదుల మీద నుంచి లేచిపోయాయి. శ్మశానంలో శవపేటికలు పైకి తేలి వీధుల్లోకి వచ్చాయి. ఊరు పాతది, పాలకుల నిర్లక్ష్యమూ పాతదే. కుళాయి ఆలస్యమైన ఊరికి గట్టి గట్టు కూడా ఆలస్యమే అయింది.

ఆ ఊరి దగ్గర్లోనే నది ఒండ్రుని మళ్ళీ చిత్తడి నేలల్లోకి మళ్ళించే పెద్ద పథకం ఒకటి 2023 ఆగస్టులో మొదలెట్టారు. ఖర్చు 300 కోట్ల డాలర్లు. సొమ్ము బీపీ పరిహారానిది. శాస్త్రవేత్తలు అవసరమన్నారు. మంచినీళ్ళు వచ్చిపడితే మా రొయ్య పోతుంది, ఆల్చిప్ప పోతుంది అని చేపలుపట్టే జనం వద్దన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇద్దర్నీ కూర్చోబెట్టి తేల్చాల్సిన పని అది. 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాక 2025 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పథకాన్నే రద్దు చేసింది. తాళం ఉన్నా ఇట్లాంటివి జరుగుతాయి. తాళం దొంగను ఆపుతుంది. చెవి పట్టుకున్న యజమానిని ఆపదు.

ఇంకో మాట. నిధి గురించి మాట్లాడుకుంటూ నేల చెడగొట్టినోణ్ణి మర్చిపోకూడదు. కాలవలు తవ్వి పూడ్చని కంపెనీల మీద లూసియానాలో పారిష్‌లు, అంటే మన జిల్లాల లాంటివి, కేసులు వేశాయి. 2025 ఏప్రిల్లో ప్లాక్మిన్స్ పారిష్ కేసులో చెవ్రాన్ కంపెనీ 74 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని జ్యూరీ తీర్పిచ్చింది. కంపెనీ పై కోర్టుకు పోతానంది. కేసు ఎటు తిరిగినా ఒక సంగతి నిలిచింది. చెడగొట్టినోడు ఎవడో పేరుపెట్టి అడిగారు. గాలి డబ్బుతో గట్టు కట్టుకుంటాం, చమురోడు తప్పించుకుపోవచ్చు అని వాళ్ళు అనలేదు.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. తాళం లేని డబ్బు ఏమవుతుందో మనకంటే ఎక్కువ తెలిసినోళ్ళెవరు? మన పేరు మీద రాసిన ఉప ప్రణాళిక డబ్బు ఏళ్ళ తరబడి ఎటుపోయిందో! ఢిల్లీలో 2010 కామన్వెల్త్ ఆటలకు ఎస్సీల నిధులు వందల కోట్లు మళ్ళించారని పార్లమెంటులోనే బయటపడింది. ఆటలు వాళ్ళవి, డబ్బు మనది. అందుకే ఉమ్మడి రాష్ట్రంలో పోరాడి 2013లో ఉప ప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. అది మన తాళం. దానికి పదేళ్ళ గడువు పెట్టారు. 2023లో మళ్ళీ పొడిగించాల్సి వచ్చింది. లూసియానా వాళ్ళు రాష్ట్ర రాజ్యాంగంలో రాసుకున్నారు గాబట్టి మళ్ళీ జనం ఓటేస్తే తప్ప అది పోదు. మనది మామూలు చట్టం, గడువు చట్టం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. బాబాసాహెబ్ మన హక్కుల్ని సర్కారు దయకి వదలకుండా రాజ్యాంగంలోకి ఎందుకు ఎక్కించాడో ఇక్కడే తెలుస్తుంది.

చట్టం వచ్చాక చూశాం గదా. అందరూ నడిచే రోడ్డుకి కూడా మన జనాభా లెక్కన వాటా గీసి మన పద్దులో రాస్తారు. తాళం పగలగొట్టలేదు, చెవితోనే తీశారు.

కాబట్టి కార్యకర్తలకి నేను చెప్పేది ఇది. రేపు మన తీరానికి కూడా పథకాలొస్తాయి. గాలిమరలంటారు, సముద్రపు గోడంటారు, నిధంటారు. నిధి అనగానే చప్పట్లు కొట్టొద్దు. ఆ డబ్బు ఎక్కడ్నుంచి వస్తది, ఇంకో పద్దుకి మళ్ళించకుండా ఎక్కడ రాసుంది అని అడగండి. రాసి ఉంటే సంతోషం, అంతటితో లేచిపోవద్దు. గట్టు గీత మ్యాపులో ఎక్కడ పోతుందో చూపించమనండి. మన పల్లె గీతకి ఇవతలా, అవతలా? అవతలైతే ఏ లెక్క పట్టి అవతలన్నారో కాయితం మీద ఇవ్వమనండి. ఆస్తి విలువ పట్టి అంటే, మనిషి ప్రాణం ఏ కాలమ్‌లో రాశారో అడగండి. ఊరు మార్చాలంటే మార్చే పథకం మనం రాస్తామనండి. ఆ లెక్కలేసే కమిటీలో మనోళ్ళు కూర్చునేదాకా లేవొద్దు.

లూసియానాలో నల్లవాళ్ళు, ఆదివాసులు, చేపలుపట్టేవాళ్ళు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాళ్ళ సముద్రం వేరు, మన సముద్రం వేరు. గీతకి అవతల పడ్డోళ్ళ బాధ ఒకటే. వాళ్ళు ఓటుతో సగం పని చేశారు. మిగతా సగం వాళ్ళకీ ఉంది, మనకీ ఉంది.

జై భీమ్!